తడిసిన బుట్ట

కొత్త కంప్యూటరు నెత్తిన ఎవరు పసుపు రాశారో హిమజకి తెలియలేదు గానీ, పొద్దున్న ఆమె వచ్చేసరికి వేళ్ల గుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి. పక్కనున్న పాత కంప్యూటరుకి పసుపుతోపాటు కుంకుమ బొట్టూ, ఒక బంతిపువ్వూ కూడా దక్కాయి. ఇంట్లో ఎవరు కొడుకో, ఎవరు కొత్తగా వచ్చిన కోడలో ఆ బల్ల చూస్తేనే తెలిసిపోతుంది.

"పెద్దమ్మగారు పెట్టినారు. పాతదానికి కోపం రాకుండా," అన్నాడు కాటా దగ్గర కూర్చున్న అసిరయ్య, నవ్వకుండానే.

కాశీబుగ్గ చివర హరిబాబు జీడిపప్పు యూనిట్లో అందరి కళ్లూ ఆ కాటా బల్ల మీదే ఉంటాయి. పిక్కలు ఉడికించి, కొట్టి, ఆరబెట్టిన పప్పుకి లోపల షెడ్డులో ఆడవాళ్లు పొట్టు తీస్తారు. తీసిన పప్పు ప్లాస్టిక్ ట్రేలో పోసుకొచ్చి కాటా మీద పెడతారు. కాటా చూపించిన అంకెను అసిరయ్య కంప్యూటర్లో కొడితే, అందులోంచి ట్రే బరువు అదే తీసేసుకుని, మిగిలిన బరువు వేసి చీటీ ఇస్తుంది. ఆ చీటీని బట్టే కూలి.

ఆ ప్రోగ్రాము ముసలిదైపోయింది. ఊళ్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల్లో రామూర్తి మాస్టారు విజువల్ బేసిక్‌లో రాసింది. కొత్త విండోస్‌లో అది తెరుచుకోదు. తెరుచుకునే పాత కంప్యూటరేమో ఎండలు ముదిరితే మధ్యాహ్నానికే సొమ్మసిల్లుతుంది. దాన్ని డాట్‌నెట్‌లోకి మార్చే పని విశాఖపట్నం కంపెనీ ఒకటి ఒప్పుకుని, జలంత్రకోట పిల్లే కదా, ఇంటి నుంచే వెళ్లొస్తుందని హిమజని పంపింది. హరిబాబు కాగితంలో పెట్టించిన షరతు ఒక్కటే. పాతది ఏం చూపిస్తే కొత్తదీ అదే చూపించాలి. కొన్నాళ్లు రెండూ పక్కపక్కన నడిపి, తేడా లేదని తేలాకే సంతకం.

తేడా మొదటి ట్రేతోనే వచ్చింది.

అసిరయ్య ఒకే అంకెను అక్కడా ఇక్కడా కొట్టాడు. పాతది చీటీ కక్కింది. కొత్తది తెర మీద దానికంటే కొంచెం ఎక్కువ చూపించింది. ఎక్కువంటే ఎంతో కాదు, ఒక గుప్పెడు పప్పు. రెండో ట్రేకీ అంతే, మూడోదానికీ అంతే. అసిరయ్య కళ్లజోడు పైకి నెట్టి హిమజ వంక చూశాడు.

"నీ మిషను ఉదారంగా ఉన్నాదమ్మా," అన్నాడు. "ఎవులి సొమ్మని?"

వరసలో నిలబడ్డ ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనే మనిషి గేటు బయట ఉంది.

గేటు అవతల కాలువ గట్టు మీద దాలమ్మ కూర్చుని ఉంది. చీర కొంగు నెత్తిన, ఒళ్లో టిఫిన్ డబ్బా. పనిలోకి రానివ్వకపోయినా రోజూ ఉద్దానం నుంచి ఆటోలో అందరితోపాటు వస్తుంది, అందరితోపాటు వెళుతుంది. ఆమె చేసిన తప్పు, చీటీ తక్కువొస్తోందని అనడం. ఏళ్ల తరబడి అంటూనే ఉంది. అసిరయ్య కాటా మీద బొటనవేలు పెడతాడని ఒకసారి, కాటా కింద అయస్కాంతం ఉందని ఒకసారి. మొన్న అందరి ముందూ అసిరయ్యని దొంగా అని కేకేసింది. ఆ మనిషి కంట నీళ్లు పెట్టుకున్నాడు. హరిబాబు బయటికొచ్చి తేల్చి చెప్పాడు. కొత్త కంప్యూటరు వస్తోంది, అందాకా బయటే ఉండు, అది కూడా పాతదాని మాటే చెబితే నువ్వు మళ్లీ ఈ గేటు తొక్కకు.

కాబట్టి తెర మీద కనిపిస్తున్న ఆ గుప్పెడు పప్పు మీద దాలమ్మ సీటు ఆధారపడి ఉంది. సాయంత్రం స్కూటీ తీస్తుంటే ఆమె గట్టు మీంచి లేచి వచ్చింది.

"ఏటి సెప్పిందమ్మా నీ మిషను?"

"ఇంకా చూస్తన్నాను పిన్నీ."

"సూడు, సూడు. అందరూ సూత్తానే ఉంటారు," అంది దాలమ్మ. హిమజ బ్యాగు వైపు, అందులో యజమాని పెట్టినదేమైనా ఉందేమో అన్నట్టు ఒక చూపు విసిరింది.

*

రెండు రోజుల్లో యూనిట్ మొత్తానికి ఎవరి అనుమానం వాళ్లకి స్థిరపడిపోయింది. ఆడవాళ్ల అనుమానం అసిరయ్య మీద. అసిరయ్య అనుమానం హిమజ మీద. హరిబాబు ఏ పక్కా మాట్లాడకుండా అద్దాల గదిలో కూర్చుని అందర్నీ అనుమానించాడు. అతను దుర్మార్గుడేం కాదు. ఆడవాళ్ల ఇళ్లలో ఎవరికి కిడ్నీ జబ్బు చేసినా పలాస ఆసుపత్రికి తన బండి పంపుతాడు. తన లెక్క జోలికొస్తే మాత్రం ఓర్చుకోలేడు.

హిమజకీ అనుమానం ఉంది, అది తన మీదే. కోడ్ మొత్తం మళ్లీ చదివింది. రామూర్తి మాస్టారు ఇచ్చిన సీడీలో ఉన్న ప్రోగ్రామును వరస తప్పకుండా మార్చింది. అందులో బుట్ట బరువు అని ఒక అంకె ఉంది. ప్రతి తూకంలోంచీ అది తీసెయ్యాలి. పాత మనిషి కనక ట్రే అనకుండా బుట్ట అన్నాడనుకుంది. తను అదే అంకె పెట్టింది. ఖాళీ ట్రేని కాటా మీద పెట్టి చూస్తే దాదాపు సరిపోయింది కూడా.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి లేచినప్పుడు, తెలిసిన బరువొకటి పాత ప్రోగ్రాములో కొట్టి చూసింది. అది తీసేస్తున్న బరువు సీడీలో ఉన్న అంకె కాదు. గుప్పెడు ఎక్కువ.

అంటే నడుస్తున్న ప్రోగ్రాము వేరు, ఆయన తనకిచ్చిన ప్రోగ్రాము వేరు. హిమజకి ఒళ్లు మండింది. ఏడాదికోసారి పిలిపించుకుని మర్యాదలు చేసే పని పోతోందని ముసలాయన కావాలనే పాత సీడీ అంటగట్టాడా? లేక హరిబాబూ ఆయనా కలిసి ఆడవాళ్ల పప్పు కొట్టేస్తున్నారా?

అప్పుడే రత్నాలమ్మ వచ్చింది. హరిబాబు తల్లి. తెల్లచీర, చేతిలో తాళాల గుత్తి. శుక్రవారం శుక్రవారం గోడౌన్లో దీపం పెట్టడం ఆవిడ పని. ఆ రోజు గురువారమే అయినా వచ్చిందంటే విషయం ఇంటిదాకా వెళ్లిందన్నమాట.

"నువ్వేనా కొత్త మిషను తెచ్చిన గుంటవి?"

హిమజ లేచి నిలబడింది.

"ఊల్లో అన్ని యూనిట్లలోనూ ఏడాది తిరిగేసరికి సరుకు తరిగిందంటారు. మా గోడౌన్లో సీటీల లెక్క కంటే ఎక్కువుంటాది. ఎందుకో తెలుసా?"

"తెలీదండి."

"అమ్మోరు. మా ఆయన పోయినకాడ్నించీ ఆ తల్లి ఈ ఇంటిని ఒగ్గలేదు. ఎక్కువొచ్చింది అమ్మోరి వాటా. ప్రతీ సంబరానికీ అందులోంచి తీసి నా సేత్తో ఆ తల్లి ముందర పెడతాను. నీ మిషను లెక్కలో ఆ వాటా నేదంట గదా. మా అబ్బాయి సెప్పినాడు." ఆవిడ కొత్త కంప్యూటరు వెనకాలకి వంగి వైర్లు చూసింది. "ఎక్కడికి పోతంది అది?"

దేవత లెక్కని ప్రోగ్రాములోకి మార్చడానికి హిమజ దగ్గర పద్ధతేమీ లేదు. రత్నాలమ్మ జవాబు కోసం ఆగలేదు. వెళుతూ వెళుతూ పాత కంప్యూటరు మీది ఎండిన పువ్వు తీసి కొత్త పువ్వు పెట్టింది.

*

రామూర్తి మాస్టారి ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు జిరాక్స్ కొట్టు. గోడ మీద సి, సి ప్లస్ ప్లస్ అని రాసిన రంగు వెలిసిపోయి, దాని మీద ఆధార్ ప్రింట్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు అని కొత్త రంగు పడింది. హిమజ దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. దొంగని పట్టుకున్నవాళ్లు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడాలనుకుంది.

"మాస్టారూ, మీరిచ్చిన సీడీ అసలుది కాదు."

ఆయన జిరాక్స్ మిషను మూత వేసి, అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"అసలుది నా లాప్‌టాప్‌లో ఉండేదమ్మా. అది సచ్చిపోయి సేనాళ్లయింది. నా దగ్గర మిగిలింది ఆ సీడీయే. ఏటి తేడా వచ్చింది?"

"బుట్ట బరువు."

ఆయన కుర్చీ లాగి ఆమెకి వేసి, తను స్టూలు మీద కూర్చున్నాడు.

"తిత్లీ తుపాను నాటికి నువ్వు సదూకుంటున్నావేమో. షెడ్డు రేకులన్నీ ఎగిరిపోనాయి. అప్పుడు ఈ ప్లాస్టిక్ ట్రేలు నేవు, అన్నీ ఎదురు బుట్టలే. అవి నీరు తాగీసి బరువెక్కిపోనాయి. పెద్దబాబు, అదే, హరిబాబు నాన్నగారు, కబురెట్టినారు. రామూర్తీ, బుట్టకి బరువు కొంచెం పెంచు, నేపోతే నీటికి కూలిచ్చినట్టవుతాది అన్నారు. నాయమే గదా? జనరేటర్ ఏసుకుని అక్కడే కూకుని మార్సీసినాను. నీకిచ్చిన సీడీ అంతకు ముందరిది."

"తర్వాత తీసెయ్యలేదా?"

"బుట్టలారినాక పిలుత్తానన్నారు. ఆరకముందే ఆయన పోనారు. పెద్ద దినానికి ఎల్లి బోంచేసి వచ్చినాను గానీ, బుట్ట సంగతి నాకెక్కడ గుర్తుంటాది తల్లీ?" ఆయన మొహం చూస్తే అబద్ధం వెతుక్కోవడానికి చోటు కనిపించలేదు. "మర్సటేడు ట్రేలు కొన్నారు. ఎండు బుట్టకీ ట్రేకీ బరువు దగ్గరదగ్గర ఒకటే. ఇంక ఎవులికి తెలుత్తాది?"

హిమజ బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుంది. దారంతా పేర్చుకొచ్చిన మాటలు వృథా అయిపోయాయి. అసిరయ్య దొంగ కాదు, కాటాలో మోసం లేదు, మాస్టారు కుట్ర పన్నలేదు. ఏనాడో పొయ్యిలోకి పోయిన తడిసిన బుట్టని కంప్యూటరు ఇన్నేళ్లుగా తూస్తూనే ఉంది. దాలమ్మ చేతిలోంచి రోజూ జారిన గుప్పెడే గోడౌన్లో పోగై అమ్మవారి వాటా అయింది. నవ్వొచ్చింది ముందు. ఆ తర్వాత కాలువ గట్టు మీది మనిషి గుర్తొచ్చి నవ్వు పోయింది.

*

హరిబాబు అంతా విన్నాడు. టేబుల్ మీది పేపర్‌వెయిట్ అటు తిప్పి ఇటు తిప్పాడు.

"నాన్న పెట్టించినారా?"

"అవునండి. ఆ ఒక్క సీజన్‌కే."

"నాకు తెలీదమ్మా. ఒట్టు," అన్నాడు. హిమజ నమ్మింది. అతను కాసేపు అద్దంలోంచి షెడ్డు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఇప్పుడు తీసీసినామనుకో. ఇన్నేళ్లదీ ఏటయిందని అడుగుతారు. అడగరా? దాలమ్మ ఊరుకుంటాదా? మా అమ్మకేటి సెప్పను? మన కాగితంలో ఏటుంది? పాతదెలగ సూపిత్తే కొత్తదీ అలగే సూపించాలి. అలగే పెట్టీ."

"అప్పుడు దాలమ్మ..."

"కొత్త మిషనూ పాతదాని మాటే సెప్పిందంటే ఇంకేటుంది?"

నిన్నటిదాకా అది పొరపాటు. ఇప్పుడు ఈ గదిలో అది వేరేది అయింది. ఆ తేడా ఇద్దరికీ తెలుసు. హిమజ కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి మేనేజరు సంగతి పూర్తిగా వినకుండానే, క్లయింట్ అడిగిందే కదా, మార్చి సంతకం తెచ్చుకో అన్నాడు. తప్పని వాదించడానికి కాగితంలో ఒక్క మాట లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రం దాలమ్మ గట్టు మీంచి లేస్తుంటే, ఎప్పుడూ లేనిది, హెల్మెట్ పెట్టుకుని తల తిప్పకుండా వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి కొత్త ప్రోగ్రాములో సెట్టింగుల పేజీ తెరిచింది. పాతదాంట్లో అంకెలన్నీ కోడ్ లోపల ఎవరికీ కనపడకుండా ఉండేవి. కొత్తదాంట్లో అలా ఉంచలేదు. తూకంలోంచి ఏది తీసినా దానికో పేరుండాలి, ఆ పేరు చీటీ మీద పడాలి. ఆ చీటీ నమూనా చూసి బాగుందని తల ఊపింది హరిబాబే. ట్రే అనే వరస కింద ఇంకో వరస చేర్చి, బరువు గుప్పెడు వేసింది. ప్రోగ్రాము పేరు అడిగింది.

అబద్ధం రాయమని ఎవరూ చెప్పలేదు కదా. ఉన్నదే కొట్టింది. తడిసిన బుట్ట.

*

శుక్రవారం. రత్నాలమ్మ గోడౌన్లో దీపం పెట్టి, హారతి పళ్లెంతో కాటా బల్ల దగ్గరికి వచ్చేసరికి వరస కదులుతోంది. ఇప్పుడు పాతదీ కొత్తదీ ఒకటే చెబుతున్నాయి, చీటీ కూడా కొత్తదే ఇస్తోంది. అసిరయ్య మొహం వెలిగిపోతోంది.

"సూసినారా పెద్దమ్మగారూ? రెండూ ఒకటే మాట. నాను దొంగనేటి?"

చీటీ అందుకున్న గౌరీశ్వరి పెదాలు కదుపుతూ చదువుకుంది. పదో తరగతి దాకా చదివిన పిల్ల. మళ్లీ చదివింది.

"అసిరయ్య మావా, ఈ తడిసిన బుట్టేటి?"

"ఏ బుట్ట?"

"ట్రే అని రాసి కొంత తీసినాది. దాని కింద తడిసిన బుట్ట అని ఇంకొంత తీసినాది. ఇక్కడ బుట్టలెక్కడున్నాయి?"

వరస చెదిరిపోయింది. అందరూ చీటీలు తీసుకుని చూసుకున్నారు. చదవడం రానివాళ్లు పక్కవాళ్ల చేత చదివించుకున్నారు. అద్దాల గదిలో హరిబాబు లేచి నిలబడ్డాడు. రత్నాలమ్మ హారతి పళ్లెం బల్ల మీద పెట్టింది.

"ఏటి గుంటా ఇది?"

హిమజ తిత్లీ నుంచి మొదలుపెట్టి చెప్పింది. పెద్దబాబు కబురు, జనరేటర్, నీరు తాగిన బుట్టలు, ఆరాక పిలుస్తానన్న మాట. ఎవరినీ ఏమీ అనలేదు. రత్నాలమ్మ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక తాళాల గుత్తి అసిరయ్య చేతిలో పెట్టింది.

"గోడౌన్లో దేవుడి గూటికాడ నా బుట్టుంది. పట్టుకురా."

అది ఒకప్పటి వెదురు బుట్టల్లో మిగిలిన ఒకే ఒక్కటి. పసుపు రాసి, ఏటా సంబరానికి అమ్మవారి వాటా అందులో పోసి, ఆవిడ నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. అసిరయ్య దాన్ని కాటా మీద పెట్టాడు. ట్రే బరువే, కాస్త అటూ ఇటూ.

"ఇప్పుడు ముంచు."

"అమ్మోరి బుట్టండి..."

"ముంచమన్నాను."

చేతులు కడుక్కునే తొట్టిలో బుట్ట మునిగింది. పసుపు కరిగి నీళ్లు పచ్చబడ్డాయి. నానేదాకా ఎవరూ పనిలోకి వెళ్లలేదు. తీసి, నీళ్లు ఓడ్చి మళ్లీ కాటా మీద పెడితే అంకె పెరిగింది. రత్నాలమ్మ గౌరీశ్వరి ట్రేలోంచి ఒక గుప్పెడు పప్పు తీసి, బరువు చూస్తున్నట్టు అరచేతిలో పట్టుకుంది.

"ఇదేనా?" అంది.

"అంతేనండి," అంది హిమజ.

"అమ్మా, లోపలికి రా, మాట్లాడుకుందాం," అన్నాడు హరిబాబు తలుపు దగ్గర నిలబడి.

ఆవిడ కదల్లేదు. చేతిలో పప్పు అలాగే ఉంది. "ఈల్ల సేతుల్లోది తీసుకెల్లి, నాదని సెప్పి, ఆ తల్లి ముందర పెట్టినాను. ప్రతీ ఏడూ. నా గోత్రం సెప్పించుకుని." ఆవిడకి కూలి లెక్క కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. గుప్పెడు పప్పుని తిరిగి గౌరీశ్వరి ట్రేలో జాగ్రత్తగా వదిలింది. "ఈ ఏడు సంబరానికి నా ఇంటి బియ్యం ఎల్తాయి. గోడౌన్లో లెక్కకి మించి ఉన్నది నాది కాదు, నీదీ కాదు హరీ. అది ఈల్లకి ఎలగ పంచుతావో పంచు. ఆ గేటు తియ్యండి, దాలమ్మని పిలండి."

హరిబాబు తల్లి మొహం చూశాడు, తర్వాత షెడ్డంతా చూశాడు. గేటు తియ్యమని వాచ్‌మన్‌కి తనే చెయ్యి ఊపాడు.

*

దాలమ్మ టిఫిన్ డబ్బా పట్టుకునే లోపలికి వచ్చింది. తనకి చెప్పిన కథంతా నిలబడి వింది. సంతోషం మొహంలోకి రావడానికి ముందు ఆమె కాటా కిందకి వంగి చూసింది.

"నా బొటనేలు ఇదిగో," అన్నాడు అసిరయ్య రెండు చేతులూ పైకెత్తి. ఉక్రోషం ఇంకా తగ్గలేదు. "ఇన్నేళ్లు నన్ను తిట్టినావు గదే."

"మరేటి సేత్తాను? బుట్టని తిట్టలేను గదా," అంది దాలమ్మ. తర్వాత కొంచెం తగ్గి, "మద్దేనం నా కేరేజీలో సేపల పులుసుంది. తిను," అంది. అతను చేతులు దించి మళ్లీ కాటా ముందు కూర్చున్నాడు.

ఆమె తన చోట కూర్చుంది. చాకు తీసింది. పప్పుని వేళ్ల మధ్య దొర్లిస్తూ, పొట్టు మునివేళ్లతో రాలుస్తూ, మధ్యమధ్య కాటా బల్ల వైపు చూస్తూ పని చేసింది. ఈలోగా హరిబాబు హిమజని పిలిచి, ఆ తడిసిన బుట్ట వరస తీసెయ్యి అని మాత్రం అన్నాడు. సంతకం సంగతి సోమవారం చూద్దామన్నాడు. సంతకం పెడతాడో పెట్టడో, పెట్టకపోతే కంపెనీ తనని ఏమంటుందో హిమజకి తెలియదు. భయంగానే ఉంది. అయినా వరస తీసేస్తుంటే చేతులు తేలికగా ఉన్నాయి.

సాయంత్రం దాలమ్మ ట్రే కాటా మీదకి వచ్చింది. చీటీ వచ్చింది. ఆమె దాన్ని గౌరీశ్వరి చేత చదివించుకుంది. పప్పు సంచిలో పోయించి, ఖాళీ ట్రేని కాటా మీద పెట్టించింది. ఆ అంకె కూడా చదివించుకుంది. సరిపోయింది. చీటీ కొంగున ముడేసుకుని, వెళ్లకుండా, బల్ల చుట్టూ తిరిగి హిమజ పక్కకి వచ్చి నిలబడింది.

"అదంటే ముసిలిది, అందులో బుట్ట ఎవులు దాసినారో తెలిసింది," అంది పాత కంప్యూటరుని చూపించి. "మరి దీన్లో నువ్వేటి దాసినావమ్మా?"

హిమజ నవ్వింది. దాలమ్మ నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది. ఆ ప్రశ్న తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదని, ఇక ముందు అడగాల్సినవాళ్లు చాలామంది ఉన్నారని హిమజకి అనిపించింది. సెట్టింగుల పేజీ తెరిచి తెరని ఆమె వైపు తిప్పింది. ట్రే అని ఒక వరస, దాని ఎదురుగా బరువు. కింద అంతా ఖాళీ.

జీడి రసానికి నల్లబడ్డ వేలితో దాలమ్మ ఆ ఖాళీ చోటుని పైనుంచి కిందదాకా తడిమింది. కొత్త తెర మీద మరక పడింది.

"కాలీగానే ఉంది," అంది డబ్బా తీసుకుంటూ. "రేపూ సూపించు."

బయట ఆటో హారన్ కొడుతోంది.